ఒక్కపూట శిక్షణతో సరిపెడతారా?

సంపాదకులు గారికి,

తుపాను బాధితులకు మానసిక ధైర్యం చెప్పేందుకు ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇచ్చారని పోయిన వారం ఫోటోతో సహా వేశారు. అందులో రెండో వరసలో తల దించుకుని ఉన్నది మా కోడలు. నోట్సు రాసుకుంటోందనుకునేరు! గర్భిణుల వివరాలు ఫోన్లో ఎక్కిస్తోంది, ఆ పూటే పంపాలిట. పదిన్నరకన్న శిక్షణకు పెద్దలు పన్నెండింటికి వచ్చారు. తెర మీద అంతా ఇంగ్లిషు. భోజనాలయ్యాక ఫైలూ పెన్నూ ఇచ్చి పంపేశారు.

మా ఊళ్లో ఒకావిడ ఉంది. 1996 నవంబరు 6 నాటి తుపానులో, రొయ్యపిల్లల వేటకెళ్లిన కొడుకు తిరిగి రాలేదు. ఇప్పటికీ గాలి జోరందుకుంటే గుమ్మం బయటున్న అతని చెప్పులు లోపల పెడుతుంది, ఎగిరిపోతాయని. మొంథా తుపానుకు పునరావాస కేంద్రానికి రమ్మంటే ఆ చెప్పులు ఒళ్లో పెట్టుకునే ఆటో ఎక్కింది. రాత్రంతా పక్కన కూర్చున్నది మా కోడలే. ఏమనాలో, ఏమనకూడదో పాపం దానికి మాత్రం ఎవరు చెప్పారు? జరిగింది చెప్పమని బలవంతపెట్టకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే పుస్తకంలో రాసిపెట్టింది. ఆ ఒక్క ముక్కైనా తెలుగులో చెప్పొచ్చుగా!

ఇదేం కొత్త విద్య కాదు. 1999 ఒడిశా తుపాను తర్వాత, 2004 సునామీ తర్వాత బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ వాళ్లు ఊళ్లలో పనిచేసేవాళ్లకే నేర్పి బాధితుల ఇళ్లకు పంపారు. ఊరి మనిషికైతే తలుపు తీస్తారు మరి. కానీ నెలల తరబడి నిద్రలేనివాణ్ణి, చచ్చిపోతానంటున్నవాణ్ణి ఆ కార్యకర్త ఎవరికి చూపించాలి? మాకు దగ్గర్లోని ఆసుపత్రిలో సైకియాట్రిస్టు బోర్డుంది, సైకియాట్రిస్టే లేరు. 14416కి, అదే సర్కారు వారి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను టెలి మానస్‌కి, ఫోన్ చెయ్యమన్నారు. మంచిదే, కాదనను. గాలొస్తే మాకు ముందు పోయేది కరెంటు, ఆ వెనకే సిగ్నలు.

నష్టం రాసుకోవడానికి మాత్రం వస్తారు. పడిన కొబ్బరిచెట్టుకో ఫోటో, మునిగిన చేనుకో ఫోటో. మురుగుకాల్వలో గుర్రపుడెక్క తియ్యమని ఏళ్లుగా అర్జీలు పెడుతున్నా పలికే నాథుడు లేడు. తీసుంటే ఆ చేలు అన్నాళ్లు నీళ్లలో ఉండేవా? అధికారులకు కోపాలొస్తాయి గానీ, ఉన్నమాటే.

నెలకో రోజైనా తెలుగులో శిక్షణ పెట్టండి. వారానికోసారి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మానసిక వైద్యుణ్ణి పంపండి. శిక్షణ రోజుకు ఆశాలకు డబ్బులివ్వండి, ఫోన్లో లెక్కలు మర్నాటికి వాయిదా వెయ్యండి. ఫోటోకు ఈసారి తల ఎత్తుకునే కూర్చుంటారు.

— ఒక రిటైర్డ్ టీచరు, కోనసీమ