అహ్మదాబాద్ స్టేడియంలో మా చెల్లిని చూసుకున్న ఆ వరసలో వాళ్లందరికీ

ముందే చెప్తున్నా, పోస్టు పెద్దది. ఓపిక లేనివాళ్లు చివరి రెండు పేరాలు చదివి వీలైతే షేర్ చేయండి చాలు, ఎందుకంటే నేను థాంక్స్ చెప్పాల్సిన వాళ్లలో సగం మంది పేర్లు కూడా మాకు తెలియవు.

2025 జనవరి 26న అహ్మదాబాద్‌లో జరిగిన కోల్డ్‌ప్లే (ఇంగ్లండ్ సంగీత బృందం) కాన్సర్ట్‌కి నేనూ మా పిన్ని కూతురూ వెళ్లొచ్చాం. మాది విజయనగరం. చెల్లికి 19 ఏళ్లు, డిగ్రీ చదువుతోంది, 11వ ఏట నుంచి టైప్ 1 డయాబెటిస్ ఉంది. అంటే తన ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారవదు, రోజూ ఇంజెక్షన్లు చేసుకోవాల్సిందే. "చిన్నపిల్లకి షుగరేంటి, స్వీట్లు ఎక్కువ పెట్టారా" అని అడిగేవాళ్లకి ఎనిమిదేళ్లుగా సమాధానం చెప్పి అలిసిపోయాం, ఇక్కడ మళ్లీ మొదలుపెట్టను. ఇదంతా తన అనుమతితోనే రాస్తున్నా, నిజానికి రాయమని వెంటపడింది తనే.

మా ఇంట్లో ఈ ప్రయాణానికి ఒప్పుకోవడమే పెద్ద కథ. పిన్ని మాట ఒక్కటే: "సిరిమాను జాతర రోజు గంటస్తంభం దగ్గర నిలబడితేనే ఊపిరాడదు, అక్కడ లక్షమందిలో దీనికి షుగర్ పడిపోతే ఎవరు చూస్తారే?" తాతయ్య బాధ వేరు, సంగీత కళాశాల ఉన్న ఊళ్లో పుట్టి, ద్వారం వారూ ఘంటసాలా సుశీలమ్మా నడిచిన వీధుల్లో తిరుగుతూ, పాట వినడానికి గుజరాత్ వెళ్లడమేంటని. ఆయనకి నా దగ్గర జవాబు లేదు. పిన్ని అడిగినదానికి మాత్రం ఇప్పుడుంది, అందుకే ఈ పోస్టు.

టికెట్ల సంగతి త్వరగా చెప్పేస్తా. 2024 నవంబరులో అహ్మదాబాద్ టికెట్లు అమ్మకానికి పెట్టిన రోజు మా ముందు లక్షల మంది క్యూ కనిపించింది, మా వంతు వచ్చేసరికి ఏమీ లేదు. తర్వాత బయట అమ్మేవాళ్లు చెప్పిన రేట్లు వింటే కళ్లు తిరిగాయి. మా సంగీతం గ్రూపులో శ్రీకాకుళం అన్నయ్య ఒకాయన, ఆఫీసులో సెలవు దొరక్క తన రెండు టికెట్లూ కొన్న ధరకే మాకిచ్చేశారు. అవే టికెట్లు బయట ఎంతకి పోతున్నాయో ఆయనకి తెలుసు, అయినా రూపాయి ఎక్కువ తీసుకోలేదు. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు. అన్నయ్యా, మీరు చదువుతారని తెలుసు. మేం చూసిందంతా మీ పుణ్యమే.

పూరి-అహ్మదాబాద్ ఎక్స్‌ప్రెస్ మన విజయనగరం మీదుగానే, పార్వతీపురం, రాయగడ దాటి రాయపూర్, నాగపూర్ వైపు వెళ్తుంది. రెండు రాత్రులు రైల్లోనే. మాకు ఆర్ఏసీ, ఇద్దరికీ కలిపి ఒకే సైడ్ బెర్తు. అదే బోగీలో ఎచ్చెర్ల తీరం నుంచి పండక్కి ఇంటికొచ్చి మళ్లీ గుజరాత్‌లోని వెరావల్ బోట్ల మీదికి వెళ్తున్న మత్స్యకారులు ఉన్నారు. శ్రీకాకుళం, విజయనగరం తీరం నుంచి ఏటా ఎంతోమంది అలా వెళ్తారని, 2018లో అక్కడ వేటకెళ్లినవాళ్లే పాకిస్తాన్‌కి చిక్కి 2020 జనవరిలో గానీ విడుదల కాలేదని పేపర్లో చదివాను తప్ప, వాళ్లతో కూర్చుని మాట్లాడింది ఇదే మొదలు. చెల్లి ఇన్సులిన్ పెన్ తీయడం చూసి వాళ్లలో పెద్దాయన ఏమీ అడక్కుండానే తన కింది బెర్తు ఇచ్చేసి పైకెక్కి పడుకున్నాడు. పొద్దున్న లేచాక మాత్రం ఆగలేకపోయాడు. "ఏటమ్మా, మేవంటే సేపల కోసం ఎల్తన్నాం, మీరు పాట ఇనడానికి ఎల్తన్నారా?" అని నవ్వి, సరే వినిపించమన్నాడు. ఫోన్లో రెండు పాటలు పెట్టాం. డ్రమ్ముకి తలూపి, వీడియోలో స్టేజీ మీది గెంతులు చూసి, "మా తప్పెటగుళ్లోలు ఇంతకంటే గెంతుతారు" అని తేల్చేశాడు. తప్పెటగుళ్లంటే మా ఉత్తరాంధ్ర జానపద నృత్యం, నాకూ అలాగే అనిపించింది. ఆ బెర్తు ఇచ్చినందుకు నీకు దండం మావా.

ఇక అసలు విషయం.

ఆ రోజు కాలుపూర్ నుంచి మెట్రో ఎక్కి, ఓల్డ్ హైకోర్టు దగ్గర మారి మోటేరా స్టేడియం స్టేషన్లో దిగాం. 1,32,000 మంది పట్టే స్టేడియం అని చదవడం వేరు, దాని గేట్ల చుట్టూ నడవడం వేరు. మధ్యాహ్నం అన్నానికి ముందు తీసుకున్న ఇన్సులిన్ ఒంట్లో పనిచేస్తూనే ఉంటుంది, పైన ఎండ, గంటల తరబడి నడక, నిలబడటం, మెట్లు. షుగర్ తగ్గడానికి ఇంతకంటే ఏం కావాలి. క్యూలో ఉండగానే ఒకసారి తగ్గుతున్నట్టు అనిపించి బిస్కెట్లు తినేసింది. గ్లూకోజ్ పొడి ప్యాకెట్ బ్యాగులోనే ఉంది గానీ ఆ తోపులాటలో అది చిరిగి పొడంతా అడుక్కి పోయింది, ఆ సంగతి మాకు పైకెక్కి సీట్లో కూర్చున్నాక గానీ తెలియలేదు.

మా సీట్లు పై అంతస్తులో. లోపలికెళ్లేటప్పుడు అందరికీ చేతికి వేసుకునే ఎల్ఈడీ బ్యాండు, లైట్లు చూస్తే గుండె ఆకారాలు కనిపించే అట్ట కళ్లజోడు ఇచ్చారు. కింద గ్రౌండ్లో జనం గెంతితే కరెంటు పుట్టే ఫ్లోరు, తొక్కితే బ్యాటరీ ఛార్జ్ అయ్యే సైకిళ్లు ఉంటాయి, ఆ కరెంటు షోలోనే వాడతారు. ఈ టూరు 2022లో కోస్టారికాలో మొదలైనప్పటి నుంచీ ఇదే పద్ధతి. చెల్లి దాని గురించి నాకు ఎంత చెప్పిందో, వినీ వినీ నాకూ తొక్కాలనిపించింది. "మనకి కింద టికెట్ దొరకకపోవడమే మంచిదైంది, నేను ఆ సైకిలెక్కితే అక్కడికక్కడే లో అయిపోతా" అని, అంటే షుగర్ పడిపోతుందని, జోకేసింది కూడా. అది అన్న గంటకే నిజంగా అయింది.

కోల్డ్‌ప్లే స్టేజీ ఎక్కిన కాసేపటికే. బ్యాండ్లన్నీ ఒక్కసారిగా వెలిగాయి, స్టేడియం మొత్తం లేచి నిలబడి అరుస్తోంది, నేనూ అరుస్తున్నా. చెల్లి చెయ్యి నా చేతిలో వణుకుతోంది. సంతోషానికి అనుకున్నా ఒక్క క్షణం, ముఖం చూస్తే చెమటలు. జనవరి రాత్రి, అందరూ స్వెటర్లు వేసుకున్నారు, తనకి చెమటలు. వెంటనే కూర్చోబెట్టి షుగర్ చూసే మిషన్ తీశా. వేలికి గుచ్చి పిండితే రక్తం వచ్చిందో లేదో కనపడదు! మా ఇద్దరి బ్యాండ్లూ, చుట్టూ ఉన్న వేల బ్యాండ్లూ సరిగ్గా అప్పుడే ఎర్రగా వెలిగాయి, ఆ ఎర్ర వెలుగులో ఎర్రటి బొట్టు ఎక్కడుందో స్ట్రిప్ ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు. పక్క సీటు అంకుల్, గుజరాతీ ఆయన, ఏమైందని అడగలేదు, ఫోన్ టార్చి వేసి వేలి మీద పట్టుకున్నారు. 58 వచ్చింది. 70 కంటే తగ్గితేనే లో అంటారు.

ఆయన భార్య వెంటనే పర్సులోంచి పల్లీ చిక్కీ తీశారు, సంక్రాంతికి అక్కడ ప్రతి ఇంట్లో ఉంటుందట. అది చూసి వెనక వరసలోంచి ఒకమ్మాయి వంగి తెలుగులో "ఆంటీ చిక్కీ తర్వాత, ముందు జ్యూస్ కావాలి" అంది. తెలుగులో! తర్వాత నాలిక్కరుచుకుని అదే మాట గుజరాతీలో చెప్పింది. టెక్కలి అమ్మాయి, గుజరాత్‌లోనే ఎంబీబీఎస్ అయ్యి హౌస్ సర్జన్సీ చేస్తోందట. పల్లీల్లో నూనె ఉంటుంది కాబట్టి చిక్కీలో బెల్లం ఉన్నా అది రక్తంలోకి నెమ్మదిగా చేరుతుందని, ఇలాంటప్పుడు 15 గ్రాముల తీపి త్వరగా ఒంటికి పట్టేలా ఇచ్చి 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడాలని మాకు తెలుసు, కానీ నాకు అప్పుడు నోట మాట రాలేదు. ఆమె వెనకనే ఉన్న కుర్రాళ్ల గుంపు, ఎక్కడివాళ్లో తెలియదు, హిందీ మాట్లాడుతున్నారు, అందులో ఒకడు స్టాలు దాకా పరుగెత్తాడు. అన్ని మెట్లు, అంతమంది జనం, మొదటి పాటలు. ఏ అభిమాని అయినా ఎంతకీ వదులుకోని పది నిమిషాలు అవి. వాడు రెండు చేతుల్లో జ్యూస్ ప్యాకెట్లతో ఆయాసపడుతూ వచ్చి, డబ్బులిస్తుంటే చెయ్యి ఊపేసి తన సీటుకి పోయాడు. తమ్ముడూ, నువ్వు మిస్సయిన పాటలేవో నేను లెక్కపెట్టుకున్నా. నీకు బాకీ.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మాకు సాయం చేసినవాళ్లు ఇంతకుముందూ ఉన్నారు, కానీ చాలాసార్లు సాయం అంటే పది మంది చుట్టూ చేరి, "అయ్యో ఈ వయసులోనా" అని, నా వైపు తిరిగి "ఈమెకి ఏం పెట్టాలి" అని అడగడమే. పిల్ల అక్కడే ఉంటుంది, ఆమెనెవరూ అడగరు. ఇక్కడ ఆ డాక్టరమ్మాయి చెల్లి ముందు మోకాళ్ల మీద కూర్చుని తననే అడిగింది: "నీకు మామూలుగా ఎంత తాగితే సరిపోతుంది? బయటికి వెళ్దామా, ఇక్కడే ఉంటావా?" చెల్లి ఇక్కడే ఉంటానంది. అంతే, ఇక ఆ వరస మొత్తం దానికి తగ్గట్టు సర్దుకుంది. ఎవరూ చెప్పకుండానే మా ముందు నలుగురు కూర్చుండిపోయారు, చెల్లికి స్టేజీ కనిపించాలని. స్టేడియం అంతా నిలబడి గెంతుతుంటే వాళ్లు కూర్చుని చేతులు పైకెత్తి పాడారు. వైద్య సిబ్బంది ఇద్దరు వచ్చి కిందికి తీసుకెళ్తామన్నారు, వాళ్లు చేయాల్సింది అదే. డాక్టరమ్మాయి షుగర్ ఎంతుందో చెప్పి ఇంకోసారి చూద్దామంటే, ఓపిగ్గా మెట్ల మీదే ఆగారు. రెండోసారి 84. అప్పుడు ఆంటీ చిక్కీకి మోక్షం వచ్చింది, చెల్లి రెండు ముక్కలు తింది, మెట్ల మీద ఆగిన వైద్య సిబ్బందిలో ఒక అక్కకి ఒకటి పెట్టింది.

నేను ఇంకా తన ముఖమే చూస్తున్నా. "అక్కా, నన్ను చూడకు, స్టేజీ చూడు" అని కసిరింది. అప్పుడు చూశా. స్టేడియం మొత్తం పసుపు రంగులోకి మారింది, లక్ష చేతులు, పై నుంచి కింద దాకా. అది టీవీలో వంద సార్లు చూసినా రానిది, దాన్ని వర్ణించే ఓపిక నాకు లేదు. బుమ్రా వచ్చాడు, సొంత ఊరు కదా, స్క్రీన్ మీద కనిపించగానే పాటలకి కూడా రానంత అరుపు. కోల్డ్‌ప్లే గాయకుడు క్రిస్ మార్టిన్ ఆయన మీద అప్పటికప్పుడు పాట కట్టి, మా ఇంగ్లండ్ వికెట్లు తీస్తుంటే మాకేం నచ్చలేదని ఆటపట్టించాడు. రిపబ్లిక్ డే కాబట్టి వందేమాతరం కూడా పాడాడు. పక్క అంకుల్ కళ్లు తుడుచుకోవడం చూశా, నావి నేను తుడుచుకున్నా. ఇంటి దగ్గర పిన్ని లైవ్‌లో చూస్తూ లక్షమందిలో మమ్మల్ని వెతుకుతోందట. అంతమంది ఫోన్లతో నెట్‌వర్క్ లేక తన కాల్ ఒక్కటీ తగల్లేదు, అదీ ఒకందుకు మంచిదే.

అయిపోయాక బ్యాండ్లు తిరిగిచ్చేసి బయటపడటానికే చాలాసేపు పట్టింది. ఆ రాత్రి మెట్రో ఆలస్యంగా కూడా నడిపారు, కానీ స్టేషన్ ముందు జనం చూస్తే భయం వేసింది. అంకుల్, ఆంటీ తమ కారు ఎటో ఉంటే, దాన్ని వదిలేసి మాతో క్యూలో నిలబడి, మేం లోపలికెళ్లేదాకా ఉన్నారు. ఆంటీ మిగిలిన చిక్కీ అంతా చెల్లి బ్యాగులో కుక్కారు. వాళ్లకి మన భాష రాదు, మాకు వాళ్లది రాదు, వచ్చిన హిందీ అంతంతమాత్రం. గుజరాతీ తెలిసినవాళ్లెవరైనా ఈ పోస్టులో ముఖ్యమైన నాలుగు ముక్కలు గుజరాతీలో రాసిపెడితే మీకు రుణపడి ఉంటాం, అలాగైనా వాళ్లకి చేరుతుందేమో.

టెక్కలి డాక్టరమ్మా, ఇది నీకు. చెమటలు ఆరాక చెల్లికి చలి పుడితే నీ స్వెటర్ తీసి కప్పావు. గేటు దగ్గర జనం విడదీశాక నువ్వు మళ్లీ కనపడలేదు, నీ పేరు చెప్పావు గానీ ఆ గోలలో నాకు వినపడలేదు, చెల్లికి వినపడిందట గానీ సగమే. బూడిదరంగు స్వెటర్, ఎడమ జేబు దగ్గర చిన్న కుట్టు ఉంది. ఉతికి మడతపెట్టి ఉంచాం. ఇది నీదాకా వస్తే ఆ కుట్టు ఏ రంగు దారంతో వేశావో చెప్పి మెసేజ్ చెయ్యి, కొరియర్ చేస్తాం, సంక్రాంతికో దసరాకో ఇంటికొస్తే మేమే టెక్కలి తెచ్చిస్తాం. నువ్వు అంకుల్‌తో చాలాసేపు గుజరాతీలో మాట్లాడావు కదా, వాళ్ల నంబరు తీసుకుని ఉంటే అది కూడా కావాలి. వాళ్లకి పంపడానికి పిన్ని అప్పుడే పలాస జీడిపప్పు కొని పెట్టింది.