కళ్లెం లేదంటే పగ్గాలు లేవని కాదు నాన్నా

ఫోల్సమ్, కాలిఫోర్నియా
అక్టోబర్ 12

నాన్నా,

నేను ఇక్కడ క్షేమం. నువ్వూ అమ్మా క్షేమమని తలుస్తాను. హాస్టల్లో ఉన్నప్పుడు నువ్వు రాసిన ఇన్‌లాండ్ లెటర్లన్నీ ఇలాగే మొదలయ్యేవి, నాకూ ఇంకోలా మొదలుపెట్టడం చేతకాదు. ఫోన్లో చెబుదామంటే నీకు వినిపించదు. అమ్మ తీసుకుంటే సగంలోనే ఏడుపు. అక్క చేత చదివించుకో. అక్కా, గట్టిగా చదువు, మధ్యలో నీ వ్యాఖ్యానం వద్దు.

ఆఫీసు మామూలే. మా టీములో ముగ్గుర్ని తీసేశారు, నేను ఉన్నాను. గ్రీన్‌కార్డు లైను కదల్లేదు. ఆ సంగతి అంతే.

ఇక నేను గుర్రం మీద ఉన్న ఆ ఫోటో. బావ దాన్ని స్టేటస్‌లో పెట్టిన రోజు నుంచి అమ్మ నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది. "కళ్లెం కూడా లేని గుర్రం ఎక్కాడంట" అని పిన్నితో చెప్పిందట. పిన్నికి చెప్పాక ఊరికి వేరే చెప్పక్కర్లేదు. కళ్లెం లేని గుర్రం అంటే మన దగ్గర అర్థమేమిటో నాకు తెలుసులే. ఇంటర్లో నన్ను నువ్వు ఎన్నిసార్లు అన్నావో ఆ మాట.

కళ్లెం అని మనం అనేదాంట్లో రెండు వస్తువులున్నాయి నాన్నా. తలకి తగిలించే తోలు పట్టీలు, నోట్లో పెట్టే ఇనుప కడ్డీ. నేను తీసేసింది ఆ కడ్డీని. పట్టీలు ఉన్నాయి, పగ్గాలు ఉన్నాయి. ఫోటోలో జూలు అడ్డమొచ్చి కనిపించలేదు, అంతే. హెల్మెట్ కూడా ఉంది నెత్తి మీద. నువ్వు బండి మీద తెనాలి వెళ్లేటప్పుడు నీ నెత్తి మీద ఏముంటుందో అమ్మని అడుగుతాను.

గుర్రం పేరు పెప్పర్. పంతొమ్మిదేళ్ల ఆడగుర్రం, నుదుటి మీద నెరిసింది. ఆబర్న్ పక్కన కొండల్లో ఒక పెద్దావిడ గుర్రాలశాల ఉంది, ఇంటి నుంచి అరగంట. శని, ఆదివారాలు వెళ్లి లద్ది ఎత్తుతాను, గడ్డి వేస్తాను, దానికి బదులు గంట సవారీ. ఎం.టెక్. చదివి లద్ది ఎత్తుతున్నాడన్న ముక్క అమ్మకి చదవకు అక్కా. శనివారం పొద్దున లేచి వెళ్లడానికి ఒక చోటు ఉండటం ఎంత పెద్ద విషయమో నేను రాసినా మీకు అర్థం కాదు. వారమంతా నాతో తెలుగులో మాట్లాడే ప్రాణి లేదు. దానితో నేను తెలుగులోనే మాట్లాడతాను. "పద తల్లీ" అంటే కదులుతుంది, నిజం.

మార్చిలో అది మొండికేసింది. తల విదిలించడం, నోరు తెరిచి నమలడం, ఎడమకి తిరగమంటే మెడ బిగించడం. నేనేం చేశాను? గట్టిగా లాగాను. నాలుగు వారాలు లాగాను. తర్వాత పళ్ల డాక్టర్ వచ్చాడు. గుర్రం పళ్లు పెరుగుతూనే ఉంటాయి, ఏడాదికోసారి ఆకురాయి పెట్టి అరగదీయాలి. నోరు తెరిపించి లైటు వేసి, నా వేలు పట్టుకుని లోపల పెట్టించాడు. ముందు పళ్లకీ దవడ పళ్లకీ మధ్య జానెడుకి తక్కువగా, అసలు పళ్లే లేని చిగురు ఉంటుంది. కడ్డీ కూర్చునేది అక్కడే. చర్మం పల్చగా, దాని కింద వెంటనే ఎముక, కత్తి వీపులా ఉంది. ఎడమ పక్క పుండు తగిలింది వేలికి. పెప్పర్ ఉలిక్కిపడింది కానీ కరవలేదు. నేను కొట్టం బయటికి వచ్చి కాసేపు నిలబడ్డాను.

పెద్దావిడ ఏమీ అనలేదు. గోడకి తగిలించి ఉన్న వస్తువు ఒకటి తీసి చేతికిచ్చింది. పచ్చితోలు జడలా అల్లి ముక్కు చుట్టూ వేసే గుండ్రటి పట్టీ, గడ్డం కింద ముడి, ఆ ముడికి గుర్రం వెంట్రుకలతో పేనిన తాడు, అదే పగ్గం. ముట్టుకుంటే గుచ్చుకుంటుంది. స్పెయిన్ వాళ్ల కాలంలో ఇక్కడ పశువుల్ని కాసినవాళ్లది ఈ పద్ధతి. వాళ్ల మాట హాకిమా, ఇంగ్లీషు వాళ్ల నోట్లో పడి హాకమోర్ అయింది. వాళ్లు పిల్ల గుర్రానికి ముందు ఏళ్ల తరబడి దీనితోనే నేర్పి, ఆ తర్వాతే నోట్లో ఇనుము పెట్టేవాళ్లట. మేము తలకిందులుగా మొదలుపెట్టామన్నమాట.

నువ్వు ఇప్పుడు "ముకుతాడే కదరా" అంటావు. కాదు. ముకుతాడు ముక్కు లోపల నుంచి పోతుంది, ఇది ముక్కు పైన కూర్చుంటుంది. మన ఎద్దు ఎర్రోడికి ముక్కు కుట్టిన రోజు నేను గడ్డివాము వెనక దాక్కుని ఏడిస్తే, "దున్నేది నువ్వా అదా" అన్నావు గుర్తుందా. నువ్వు తప్పు చేశావని అనడం లేదు. పొలంలో నువ్వు ముకుతాడు లాగగా నేను చూసింది చాలా తక్కువ. "హో" అంటే ఆగేది, పలుపు మీద నీ చెయ్యి ఉంటే చాలు. ఆ చెయ్యి నాకు ఇంకా రాలేదు. మొదట్లో దీన్ని కూడా లాగి పట్టుకునేవాణ్ణి. లాగి పట్టుకుంటే గుర్రం మొద్దుబారిపోతుంది. ఇలా తాకించి అలా వదిలేయాలి. వదలడం నేర్చుకోవడానికే నాకు ఎండాకాలమంతా పట్టింది.

కట్టేటప్పుడు చూసుకోవాల్సింది ఒకటుంది. చెంప ఎముక కొసకి రెండు వేళ్లు కిందగా, గట్టి ఎముక మీద కూర్చోవాలి. ఇంకా కిందికి జారితే అక్కడ మెత్తటి భాగం, ఊపిరికి అడ్డం. గుర్రం మనలా నోటితో ఊపిరి పీల్చలేదు, దానికి ఉన్న దారి ముక్కే. అందుకే కట్టిన ప్రతిసారీ రెండుసార్లు వేలు పెట్టి చూస్తాను. నోట్లో ఇనుము లేకపోతే చాలు, పుణ్యమే అనుకునేవాళ్లు ఇక్కడా ఉన్నారు. అదీ అబద్ధమే. పక్కన పొడుగాటి ఇనుప కాడలుండే రకం ఒకటి ఉంది, కొంచెం లాగితే ముక్కునీ దవడనీ కలిపి నొక్కేస్తుంది. మోటు చేతిలో అది కడ్డీ కంటే ఘోరం.

"మరి పరిగెడితే ఎలా ఆపుతావు?" ఇదేగా అమ్మ ప్రశ్న. కడ్డీ ఉన్నా, బెదిరిన గుర్రాన్ని బలంతో ఆపలేమమ్మా. అర టన్ను బరువు అది, నేను డెబ్భై కిలోలు. ఒక పగ్గం మాత్రమే పట్టి, తలని మెల్లగా నా మోకాలి వైపు తిప్పుతాను. మెడ వంగితే వెనక కాళ్లు పక్కకి పడతాయి, తిన్నగా పరిగెత్తే జోరు పోతుంది, చిన్న గుండ్రం తిరిగి ఆగుతుంది. ఆగిన క్షణంలో వదిలేయాలి. ఆగస్టులో ఎండుగడ్డిలోంచి అడవి టర్కీ కోళ్లు ఒక్కసారి లేచాయి. పెప్పర్ పది గజాలు దూకింది. తిప్పాను, ఆగింది. దాని గుండె నా పిక్కలకి తెలిసింది. ఇద్దరం ఓక్ చెట్టు కింద అలాగే నిలబడిపోయాం.

ఇంకో నిజం కూడా చెప్పేస్తాను. రెండేళ్ల కిందట బాత్రూములో జారి మణికట్టు బెణికిందని చెప్పాను కదా. బాత్రూము కాదు. వేరే చోట సవారీ నేర్చుకుంటూ పడ్డాను. ఆ గుర్రానికి నోట్లో ఇనుము నిక్షేపంగా ఉంది. అప్పుడు చెబితే మానెయ్యమనేవాళ్లు. ఇప్పుడూ అంటారు. మానను నాన్నా, కోప్పడకు.

ఇక్కడ టెవిస్ కప్ అని ఒక పోటీ. 1955లో మొదలైంది. టాహో సరస్సు దగ్గరి కొండల నుంచి ఆబర్న్ దాకా 100 మైళ్లు, అంటే 160 కిలోమీటర్లు, 24 గంటల్లో రావాలి. వెన్నెల రాత్రి చూసుకుని పెడతారు. దారిలో వెటర్నరీ డాక్టర్లు గుండె కొట్టుకోవడం, కుంటడం చూసి, బాగోలేని గుర్రాన్ని అక్కడే ఆపేస్తారు. పెద్దావిడతో వెళ్లి నేను ఫారెస్ట్‌హిల్ ఊళ్లో బకెట్లతో నీళ్లు మోశాను. ఒకామె గుర్రం నోట్లో ఏమీ లేకుండా వచ్చింది. ఆమె దిగీ దిగకుండానే అది నా బకెట్లో మూతి ముంచి నీళ్లు లాగేసింది, పక్కన తడిపిన దాణా కరకరా నమిలింది. ఇనుప చప్పుడు లేదు, నురగ లేదు. నాకు టక్కున తాతయ్య గుర్రం గుర్తొచ్చింది, తెనాలి స్టేషన్ ముందు జట్కా స్టాండులో మూతికి సంచి కట్టుకుని తింటూ.

అమ్మ మోకాలికి ఆ నూనె రాస్తూ కూర్చోవద్దు, గుంటూరులో చూపించండి. డబ్బు వేశాను. కౌలు ఈసారి ముందే మాట్లాడుకో, పోయినసారిలా మొహమాటపడకు. పాపని ఎంసెట్ అని మరీ కాల్చుకు తినొద్దని అక్కకి నేను చెప్పానని చెప్పు (అక్కా, ఇది నువ్వే చదువుతున్నావు కదా, చెప్పుకో). గోంగూర పచ్చడి అయిపోయింది, వచ్చేవాళ్లు ఉంటే పంపండి.

సంక్రాంతికి రాలేను. వీసా స్టాంపింగ్ టెన్షన్ ఉంది, వెళ్తే మళ్లీ రానిస్తారో లేదో. అమ్మకి దీన్ని నువ్వే నెమ్మదిగా చెప్పు.

ఒక్క పని చేసి పెట్టు. అటక మీద ఇత్తడి బిందెల వెనక తాతయ్య జట్కా సామాను ఉండాలి. గంటలు, కొరడా, కళ్లెం. పాత ఇనుమువాడికి వేసెయ్యకు. తాతయ్య ఉలవలు పెట్టేటప్పుడు కళ్లెం తీసేసి పెట్టేవాడా, ఉంచే పెట్టేవాడా? నాకు సంచి గుర్తుంది గానీ లోపల ఏముండేదో గుర్తు లేదు. నీకు గుర్తుంటే అక్క చేత మెసేజ్ పెట్టించు.

నీ
చిన్నోడు