కొల్లేటి మట్టిని చదవకముందే తవ్వేస్తే ఎలా?

సంపాదకుడు గారికి,

గత ఆదివారం మీ అనుబంధంలో లోనార్ సరస్సు అడుగు మట్టిని బట్టి పూర్వకాలపు వానల తీరు తెలుసుకున్న వైనంపై వచ్చిన వ్యాసం ఆసక్తిగానే సాగింది. అయితే కార్బన్ పరీక్షతో వర్షపాతం కొలిచారన్న వాక్యం తప్పు. ఆ పరీక్ష పొర వయసు చెబుతుందే గాని వాన సంగతి చెప్పదు. మహారాష్ట్రలోని ఆ ఉల్కాబిలంలో గొట్టాలు దించి తీసిన సుమారు 10 మీటర్ల మట్టిలో దాదాపు 11,000 ఏళ్ల చరిత్ర ఉంది. నీరు ఇగిరి లవణాలు చిక్కబడినప్పుడు ఏర్పడే గేలుసైట్ స్ఫటికాలు ఏయే పొరల్లో ఉన్నాయో చూసి, 4,600 నుంచి 3,900 ఏళ్ల కిందట ఒకసారి, 2,000 నుంచి 600 ఏళ్ల కిందట మరోసారి రుతుపవనాలు దీర్ఘకాలం సన్నగిల్లాయని శాస్త్రజ్ఞులు తేల్చారు. వయసుకు కర్బనం, కరవుకు స్ఫటికం, చుట్టుపక్కల పెరిగిన చెట్టూచేమకు పుప్పొడి. ఈపాటి తేడా పట్టుకోగల ఉపసంపాదకులు ఒకప్పుడు పత్రికల్లో ఉండేవారు.

అంతకన్నా కష్టం కలిగించినది, అదే రోజు జిల్లా పేజీలో కొల్లేటిలో పొక్లెయిన్లు చేపల చెరువులు తవ్వుతున్న ఫొటో వేసి, దానికింద మీరు రాసిన మెచ్చుకోలు మాట. కొల్లేటిని 1999లో అయిదో కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత దాకా, అభయారణ్యమన్నారు, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కించారు, 2006లో చెరువు గట్లను పేల్చి మరీ కూల్చారు, ఆ తరువాత గట్లు మళ్ళీ లేస్తుంటే తీరిగ్గా చూస్తూ కూర్చున్నారు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చి పోసిన ఒండ్రు పొరలు వరస చెడకుండా ఉంటేనే పూర్వపు వానలకూ వరదలకూ ఆ మట్టి సాక్ష్యంగా పనికొస్తుంది. పైపొరలు కలగాపులగమైతే మనకు దగ్గరి శతాబ్దాల లెక్కే ముందు పోతుంది. తవ్వేవారికీ కూల్చేవారికీ కూడా మట్టి మట్టే. ఉప్పుటేరు గుండా సముద్రపు నీరు ఎగదన్నే కొల్లేటిని చదవడం లోనార్‌ను చదివినంత సులువు కాదన్నది నిజమే గాని, కష్టమైన చదువని పుస్తకాన్నే చింపేయరు గదా!

2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడను ముంచినప్పుడు కనీవినీ ఎరుగని వరద అన్న మాట ఊరంతా వినిపించింది. ఏ లెక్కలు చూసి అన్నారో తెలియదు. మన వాతావరణ శాఖ పుట్టిందే 1875లో. అంతకు ముందరి వరదల జాడ దొరికితే గిరికితే ఆ నది కలిసే సరస్సు అడుగునే దొరకాలి.

అయిదో కాంటూరు లోపల ఇంకా పొక్లెయిన్ తగలని చోట్లను గుర్తించి, ముందుగా అక్కడి మట్టి తీయించి లక్నోలోని బీర్బల్ సాహ్నీ పురాశాస్త్రాల సంస్థ వంటి చోటుకు పంపడానికి, మన నాయకుల ఒక్క శంకుస్థాపన సభకయ్యే ఖర్చు కూడా కాకపోవచ్చు. ఆ పని అటవీ శాఖదా, మత్స్యశాఖదా, జలవనరుల శాఖదా అని అడిగితే మాబోటివారిని ఒక కార్యాలయం నుంచి మరొక కార్యాలయానికి తిప్పుతున్నారు. అదే ప్రశ్న మీ విలేకరి అడిగి, వచ్చిన జవాబును పేరూ హోదాతో సహా అదే జిల్లా పేజీలో అచ్చువేయగలరు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కైకలూరు