చదువు దేనికని అడిగితే

చిత్తూరు

బంగారూ,

పద్మావతి మహిళా యూనివర్సిటీలో శనివారం ఆడవాళ్ల చదువు మీద జరిగే డిబేట్‌లో మాట్లాడడానికి నువ్వు రాసుకున్న నాలుగు పేజీలూ చదివాను. బాగా కష్టపడ్డావు. మొదటి పేరా మాత్రం తీసెయ్యి తల్లీ. "అమ్మ చదువుకుంటే ఇల్లంతా చదువుకున్నట్టే" అంటే చప్పట్లు పడతాయి, వాదం అక్కడే చేజారుతుంది. ఆడపిల్ల చదువు ఇంటి కోసమే అని ఒప్పుకున్నాక, ఎంత చదువు చాలో తేల్చే పెత్తనం కూడా ఇంటిదే అవుతుంది. కుట్లు, అల్లికలు, పద్దు రాసేంత లెక్క చాలంటారు. పెళ్లి వద్దనుకున్న ఆమె చదువుకు అప్పుడు కారణం ఏం చూపిస్తావు? వీరేశలింగం గారు 1883లో ఆడవాళ్ల కోసం పెట్టిన పత్రిక పేరే 'సతీహితబోధిని'. చదివే మనిషిని అక్కడ భార్యగానే పిలిచారు. ఆయన చేసిన మేలు చిన్నదని కాదు. బడి తలుపు తెరిపించడానికి ఆ మాట పనికొచ్చింది, లోపలికి వెళ్లాక అదే అడ్డం పడింది.

1792లో ఇంగ్లండు రచయిత్రి మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ ఆడవాళ్ల హక్కుల మీద రాసిన పుస్తకంలో కూడా, చదువుకున్న ఆడది మంచి తల్లి అవుతుందన్న మాట ఉంది. దాచొద్దు, దాస్తే ఎదుటి జట్టు పట్టుకుంటుంది. అయితే ఆమె వాదానికి పునాది అది కాదు. ఆలోచించే శక్తి ఇద్దరికీ ఉన్నప్పుడు దాన్ని పెంచుకునే హక్కూ ఇద్దరిదే అన్నది పునాది. ఆడదాని చదువంతా మగవాడికి నచ్చేలా ఉండాలని తత్వవేత్త రూసో 1762లో రాశాడు. ఆడవాళ్లకు సోకులు, పైపై మాటలు పుట్టుకతోనే వస్తాయన్న నమ్మకం అప్పుడు బలంగా ఉండేది. దానికి ఆమె ఇచ్చిన జవాబు చూడు. సైన్యంలో ఆఫీసర్లను గమనించమంది. బుర్రలోకి విషయం చేరకముందే, నడత గట్టిపడకముందే వాళ్లను లోకంలోకి వదిలేశారు. ఏమయింది? బట్టల మీద మోజు, డాన్సులు, పై మర్యాదలు! ఆడవాళ్లకు అంటగట్టిన గుణాలన్నీ మగవాళ్లకే వచ్చాయి. కాబట్టి లోపం పుట్టుకలో లేదు, పెంపకంలో ఉంది. ఒకే రకం పెంపకం మగవాళ్లకిచ్చి ఫలితం చూపించడమే ఇందులో గట్టిదనం. దీనికి రెండు నిమిషాలు పెట్టుకో, తొందరపడొద్దు.

ఇంగ్లండు తత్వవేత్త మిల్ ఆడవాళ్ల బానిసత్వం మీద 1869లో రాసినదాంట్లోంచి ఒక్క మాట చాలు: ఆడవాళ్లకు స్వభావరీత్యా చేతకాని పనైతే, దాన్ని చేయొద్దని చట్టం పెట్టడం దేనికి? చేపను చెట్టెక్కొద్దని ఎవరూ శాసనం చేయరు కదా.

తర్వాత మన తెలుగు రచయిత్రి భండారు అచ్చమాంబ. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే తనూ నేర్చుకున్న మనిషి. ఆడవాళ్లకు తెలివి తక్కువ, చదివితే చెడిపోతారు అనేవాళ్లకు 'అబలా సచ్చరిత్ర రత్నమాల'లో స్త్రీల చరిత్రలనే సాక్ష్యంగా పెట్టింది. పేర్లు గబగబా చదివేస్తే మాత్రం జాబితాలా తేలిపోతుంది. ఒకరిని ఎంచుకో, నిదానంగా చెప్పు.

వుల్‌స్టన్‌క్రాఫ్ట్ ఊహించిన బడి గురించి అడుగుతారు. అయిదేళ్ల నుంచి తొమ్మిదేళ్ల దాకా ఆడ మగ, పేద ధనిక అందరూ ఒకే చోట, ఒకే రకం బట్టల్లో, ఫీజు లేకుండా చదవాలంది. ఒక్కసారి గంటకు మించి కూర్చోబెట్టొద్దంది. తొమ్మిది దాటాక ఇంటిపనికి, చేతిపనికి పోయే పిల్లలను వేరే బడికి పంపమంది. అక్కడ ఆమె చూపు ఆగిపోయింది. ఆ తప్పు నువ్వే ముందు చెప్పు.

చివర్లో ఆస్తి సంగతి ఎత్తు. చదువు దగ్గరే ఆగితే సగం హక్కే. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబర్ 5 నుంచి హిందూ ఉమ్మడి కుటుంబం ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా వచ్చింది, కానీ అప్పటికే పెళ్లయిన వాళ్లను వదిలేశారు. ఆ అడ్డు తొలగింది 2005 కేంద్ర చట్టంతో. ఈ రెండు తేదీలూ కాగితం మీద పెద్దగా రాసుకో, కంగారులో తారుమారవుతాయి.

సైనికుల భాగం జిరాక్స్ తీసి, పెన్సిల్‌తో గీత కొట్టి, రేపు పొద్దున బస్సులో పంపిస్తున్నా. బస్టాండుకు వెళ్లి తీసుకో.

మీ నాయన