కువైట్ 'ఇంతి', మన ఇంతి

సంపాదకుడి గారికి,

రెండు మాటలు ఒకేలా వినిపిస్తే చాలు, ఆ భాష మన తెలుగులోంచే పుట్టిందనేసే వ్యాసాలు మీ ఆదివారం పేజీలో ఈమధ్య మరీ ఎక్కువయ్యాయండి. కొరియా వాళ్లు తండ్రిని 'అప్పా' అంటారని మొన్న అరపేజీ వేశారు. అమ్మ, అప్ప లాంటివి పసిపిల్లల నోటికి ముందుగా తిరిగే మాటలు, ఏ దేశంలో వెతికినా దొరుకుతాయి, దానికంత సంబరం ఎందుకో!

మాది రాజోలు పక్క. కువైట్ వెళ్లొచ్చిన ఆడవాళ్లు మా వైపు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అక్కడి అరబ్బీలో ఆడమనిషిని 'నువ్వు' అనాలంటే 'ఇంతి', మగాడినైతే 'ఇంత'. రమ్మనడానికి 'తాల్' అంటారు, మన కళ్లంలో ధాన్యం తూర్పారబడితే గాలికి పోయేది తాలు. ఇంటి యజమానురాలిని పనివాళ్లు 'మామా' అని పిలుస్తారు. మా పక్కింటావిడ సెలవు మీద వచ్చినప్పుడు అరుగు మీద కూచుని ఫోన్లో "మామా, మామా" అంటుంటే, లోపల మంచమ్మీదున్న వాళ్ల మామగారు పాపం "ఏంటమ్మా?" అని పలుకుతూనే ఉన్నాడు. మీ వ్యాసకర్త లెక్కన అరబ్బులు 'ఇంతి'ని మన ప్రబంధాల్లోంచి ఎత్తుకుపోయి ఉండాలి.

భాషల చుట్టరికం తేలాలంటే వరస కలవాలి. కన్నడం చూడండి, మన పాలు వాళ్లకి హాలు, పులి హులి, పువ్వు హూవు, పల్లె హళ్లి. మనకి 'ప' ఉన్నచోట వాళ్లకి 'హ' పడుతోంది, పాత కన్నడంలో అక్కడా 'ప'నే ఉండేది. మద్రాసు కలెక్టరుగా పనిచేసిన ఎల్లిస్ దొర 1816లోనే, క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం ముందుమాటకి చేర్చిన వ్యాసంలో, తెలుగు, తమిళం, కన్నడం ధాతువుల్నీ మాటల్నీ పక్కపక్కన పెట్టి ఇవన్నీ ఒకే కుటుంబమని చూపించాడు. అదే ఆస్ట్రేలియాలో ఎంబబరం అనే ఆదివాసీ భాషలో కుక్కని 'డాగ్' అనేవారు, ఇంగ్లీషుతో ఏ సంబంధమూ లేకుండానే! 'గుడగ' అనే వాళ్ల పాత మాటే అరిగి అరిగి అలా తయారైంది.

నిజంగా అరబ్బీ నుంచి వచ్చిన మాటలు కావాలంటే మన దగ్గర బోలెడున్నాయి: వసూలు, తారీఖు, అంతెందుకు, రైతు. పారసీ, ఉర్దూల మీదుగా, శిస్తు లెక్కల కాగితాలతో పాటు వచ్చాయి, ఆ దారి కనిపిస్తూనే ఉంటుంది. ఆ రైతు మీద ఒక అరపేజీ వెయ్యండి, మా డెల్టాలో అందరూ చదువుతారు. 'అప్పా' వ్యాసం రెండో భాగం వచ్చే ఆదివారం అన్నారు కదా, ఆపమనను గానీ, వేసే ముందు కన్నడం వచ్చినవాళ్లెవరికైనా ఓసారి చూపించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, రాజోలు