విషయం: గడువు తేదీ మీద స్టిక్కర్ అంటించి అమ్మిన ట్యాంక్ సీలెంట్

బల్లార్షా, చంద్రపూర్ జిల్లా
జూన్ 9

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. ఏప్రిల్ ఆఖర్లో మీ దగ్గర కొన్న పెట్రోల్ ట్యాంక్ సీలెంట్ (అతుకులు కారకుండా పూసే పేస్టు) కిట్ గురించి ఇది నా మూడో ఫిర్యాదు. మొదటి రెండూ ఫోన్లో చేశాను. రెండోసారి మాట్లాడిన కుర్రాడు "విమానమా అంకుల్, ఇంట్లోనా?" అని నవ్వి, పక్కవాళ్లకి కూడా చెప్పాడు. వాళ్ల నవ్వూ వినబడింది. అందుకే ఈసారి కాగితం మీద పెడుతున్నాను. మీ హైదరాబాద్ ఆఫీసులో అందరూ తెలుగువాళ్లేనని ఆ మాటల్లోనే తెలిసింది కనుక తెలుగులోనే రాస్తున్నాను.

ముందు ఆ నవ్వు సంగతి. బొగ్గు గనుల వర్క్‌షాప్‌లో 31 ఏళ్లు ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. నేనూ మా మేనల్లుడూ కలిసి ఇంటి వెనక రేకుల షెడ్డులో రెండు సీట్ల అల్యూమినియం విమానం కడుతున్నాం. ఇదే రాష్ట్రంలో కెప్టెన్ అమోల్ యాదవ్ ముంబయిలో మేడ మీద విమానం కట్టి, 2017లో దానికి రిజిస్ట్రేషన్ కూడా తెచ్చుకున్నారు. మాది అంతకన్నా చాలా చిన్నది. ఇంకా ఎగరలేదు, విమానాలకి అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ కాగితాలు చేతికొచ్చేదాకా ఎగరదు.

దీనికి పెట్రోల్ ట్యాంకులు రెక్కల్లోనే ఉంటాయి. రేకులు రివెట్లతో బిగించి, అతుకులకి లోపలి వైపు సీలెంట్ పూసి చేసినవి. ఫిబ్రవరిలో ఎడమ ట్యాంకులో 20 లీటర్లు పోసి వారం వదిలేశాం. చుక్కలు పడలేదు, చెమ్మ మాత్రం వచ్చింది. పెట్రోల్ ఆరిపోతుంది, మరక మిగులుతుంది. మా ఊళ్లో గాల్లోనే బొగ్గు పొడి ఉంటుంది కదా, అది ఆ చెమ్మకి అంటుకుని మూడు రివెట్ల చుట్టూ కాటుక దిద్దినట్టు కనబడింది.

పెట్రోల్ మొత్తం తీసేసి, ట్యాంకు ఆరబెట్టి, గాలితో పరీక్షించాం. కంప్రెసర్ జోలికి పోలేదు. చదరపు అంగుళానికి ఒక్క పౌండు ఒత్తిడి అంటే వినడానికి ఏమీ అనిపించదు, కానీ చదరపు అడుగు రేకు మీద అది 65 కిలోల బరువు. పల్చటి ట్యాంకు ఉబ్బిపోతుంది. ట్యాంకుకి గాలి ఆడే వెంట్ గొట్టానికి పిల్లల బెలూన్ కట్టి నోటితోనే ఊది, రివెట్ల మీద సబ్బు నీళ్లు రాశాం. అదీ తెల్లవారుజామున. పొద్దెక్కితే ట్యాంకులో గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, లీకున్నా బెలూన్ బిర్రుగా నిలబడి మోసం చేస్తుంది. ఆ మూడు రివెట్లే కాక వెనక గోడ మూలలో ఆవగింజంత బుడగ, ఒకటి పేలగానే ఇంకొకటి. మొత్తం నాలుగు చోట్లు.

ఇలాంటి లీకుకి బయట పూత పూస్తే నిలవదు, లోపలి పెట్రోల్ దాన్ని నెట్టేస్తుంది. లోపలే పూయాలి. అందుకని చక్కగా ఉన్న ట్యాంకుకి వెనక గోడలో చెయ్యి పట్టేంత రంధ్రం కోశాం, తర్వాత మూత వేసి సీలు చేసేలా. కోసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మోచేతి దాకా లోపల పెట్టి, పళ్ల డాక్టర్ వాడే బుల్లి అద్దంలో చూస్తూ రివెట్ల చుట్టూ పాత సీలెంట్ గీకి, స్క్రబ్‌తో గరుకు చేసి, అసిటోన్ గుడ్డతో తుడిచి, అది ఆరకముందే పొడి గుడ్డతో మళ్లీ తుడిచి సిద్ధం చేసుకున్నాం. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, "సరిగా శుభ్రం చేసి ఉండరు" అన్నది మీ కుర్రాడి మొదటి జవాబు.

ఇక కిట్. డబ్బు కట్టిన రెండు వారాలకి, మే 11న పంపారు. 20న చేరింది. మధ్యలో నాలుగు రోజులు నాగ్‌పూర్ గోడౌన్‌లో ఉన్నట్టు ట్రాకింగ్‌లో కనబడుతోంది. మే నెలలో విదర్భ ఎండ ఎలా ఉంటుందో మీకు తెలియకపోతే ఎవరినైనా అడగండి. ప్యాకెట్‌లో ఐసు లేదు, థర్మాకోల్ కూడా లేదు.

డబ్బా మీద మీ స్టిక్కర్‌లో మార్చిలో ప్యాక్ చేసినట్టు ఉంది. కిట్‌లో పేస్టు ఒకటి, దాన్ని గట్టిపరిచే మందు ఒకటి ఉంటాయి. కలిపే విధానం "పది చెంచాలకి ఒక చెంచా" అట. పేస్టుని చెంచాతో కొలిస్తే అందులో ఎంత గాలి కలిసిందో ఎవరు చెప్పగలరు? నేను పక్కింటి కంసాలి దగ్గర తూకం తెచ్చి 50 గ్రాములకి 5 గ్రాములు కలిపాను. నల్ల పేస్టులో ఇసుక పలుకుల్లాంటివి తగిలాయి. అక్కడ ఆగాల్సింది. బాగా కలిపితే పోతాయిలే అనుకోవడం నా తప్పు, ఒప్పుకుంటున్నాను. 21న పూశాం. అదే మిశ్రమం కొంచెం ఒక రేకు ముక్క మీద కూడా రాసి పక్కన పెట్టాను, వర్క్‌షాప్ అలవాటు.

25 డిగ్రీల దగ్గరే మూడు రోజుల్లో గట్టిపడాల్సిన సరుకు ఇది. వేడికి ఇంకా త్వరగా గట్టిపడుతుంది. మా షెడ్డులో 44 ఉంది. మూడో రోజు చూస్తే పైన పల్చటి తోలు కట్టింది, లోపల తీగపాకం.

అప్పుడు వచ్చింది అనుమానం. మీ స్టిక్కర్ మూల గోటితో లేపాను. కింద అసలు తయారీదారు లేబుల్ ఉంది. గడువు కిందటి నవంబర్‌తోనే అయిపోయింది. 27 డిగ్రీలకి మించని చోట దాచాలని ఉంది. తూకం ప్రకారం కలపాలని ఉంది. మూడు వాక్యాలూ మీ ఒక్క స్టిక్కర్ కింద సరిగ్గా దాక్కున్నాయి.

ఇది చెప్పకముందే మీవాడు "ఇథనాల్ కలిపిన పెట్రోల్ పోసి ఉంటారు, అది తినేసింది" అన్నాడు. ఫిబ్రవరి తర్వాత ఆ ట్యాంకులో చుక్క పెట్రోల్ పడలేదు. దేన్ని తింటుంది? ఆ తర్వాత, పెట్టెలో పెట్టిన కాగితం చూసుకోమన్నాడు. ట్యాంకులో పూత ద్రవం పోసి అటూ ఇటూ కుదిపితే లీకులు పోతాయని అందులో రాశారు. విమానాలు కట్టేవాళ్లు ఒకప్పుడు ఆ పని చేసి, అది ఏళ్ల తర్వాత పొరలుగా ఊడి ఫిల్టర్లకి అడ్డం పడుతుంటే మానేశారు. ఆ పేరా తీసేయండి, ఎవరైనా నమ్ముతారు.

ఆ పాకాన్ని తీయడానికి పదకొండు రోజులు పట్టింది. ఇనుప బ్లేడు వాడితే రేకుకి గీతలు పడతాయని వెదురు పుల్లలు చెక్కుకుని గీకాం. కుళ్లిన గుడ్ల వాసన. మా ఆవిడ షెడ్డు వైపు రావడమే మానేసింది, టీ కిటికీలో పెట్టి వెళ్లేది.

కిట్ ధర 4,800, కొరియర్ 350 రూపాయలు వెనక్కి ఇవ్వండి. అంతకన్నా ముఖ్యం, "ఈ బ్యాచ్ ఇంకో పద్నాలుగు మంది కొన్నారు, ఎవరూ ఏమీ అనలేదు" అని మీ కుర్రాడే అన్నాడు. ఆ పద్నాలుగు మంది దేనికి పూశారో, అది గట్టిపడిందో లేదో మీరు ఫోన్ చేసి కనుక్కోవాలి. వాళ్లందరి దగ్గరా రేకు ముక్క ఉండదు. ఫోన్ చేసినట్టు నాకు రాతపూర్వకంగా తెలియజేయండి.

15 రోజులు చూస్తాను. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం నేనున్న జిల్లాలోనే కేసు వేయవచ్చు, చంద్రపూర్ మాకు బస్సులో అరగంట. స్టిక్కర్, దాని కింది లేబుల్, రేకు ముక్క మూడూ స్టీలు టిఫిన్ డబ్బాలో భద్రంగా ఉన్నాయి. ఫోటోలు జతచేశాను.

పూసి నేటికి పంతొమ్మిది రోజులు. ఈ ఉదయం కూడా ఆ రేకు మీద వేలు పెట్టి చూశాను, ఇంకా అంటుకుంటోంది.

ఇట్లు,
మీ కొనుగోలుదారు