ఇంజన్ సంగతి కూడా రాయండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం.

యుద్ధ విమానాల కొనుగోలు వార్త వస్తే మీ పేపర్లో మొదటి పేజీలో వేస్తారు, ఎన్ని విమానాలు, ఎన్ని వేల కోట్లు, పక్కనే గాల్లో ఎగురుతున్న పెద్ద ఫొటో. నేను ప్రతిసారీ ఆ వార్త చివరిదాకా చదువుతాను, ఇంజన్ ఎవరిది అన్న ఒక్క ముక్క కోసం వెతుకుతాను, చాలాసార్లు అది ఉండనే ఉండదు, ఉన్నా ఆఖరి లైన్లో ఎక్కడో ఉంటుంది. నేను ఎయిర్ ఫోర్స్‌లో ఇంజన్ ఫిట్టర్‌గా చేసి రిటైర్ అయినవాణ్ణి. సర్వీసులో ఎక్కువ భాగం మిగ్-21ల దగ్గరే గడిచింది. ఆ అనుభవంతో ఈ ఉత్తరం రాస్తున్నాను, కొంచెం పొడుగైనా దయచేసి వెయ్యండి.

2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21లకి వీడ్కోలు చెప్పారు. 1963లో వచ్చిన విమానం, అరవై రెండేళ్లు మోసింది మనల్ని. ఆ రోజు టీవీ ముందు కూర్చుని ఏడ్చాను, మా ఇంట్లో వాళ్లు కంగారు పడ్డారు కూడా. అవి వెళ్లిపోయాక మన ఫైటర్ స్క్వాడ్రన్లు (యుద్ధ విమానాల దళాలు) 29కి వచ్చాయి, ఉండాల్సినవేమో 42. అటు చైనా, ఇటు పాకిస్తాన్, ఈ లెక్కతో ఎలా నెట్టుకొస్తామండీ? కాబట్టి కొనొద్దు అని నేను అనను. కొనాలి, తొందరగా కొనాలి. 2007లో 126 విమానాలకి టెండర్ వేసి, 2012లో ఫ్రాన్స్ వాళ్ల రఫేల్‌ని సెలెక్ట్ చేసి, 2015లో ఆ టెండర్ మొత్తం పక్కన పెట్టి, 2016లో 36కి సంతకం పెట్టి, 2020 జులై 29న మొదటి అయిదు అంబాలాలో దిగేసరికి పదమూడేళ్లు పట్టింది. ఆ పదమూడేళ్లూ పాత మిగ్‌లే ఎగిరాయి, వాటిలో మన పిల్లలే కూర్చున్నారు.

మిగ్-21కి ఉన్నది ఒకటే ఇంజన్. అది ఆగితే పైలట్‌కి ఆలోచించుకోడానికి కొన్ని సెకన్లే ఉంటాయి. పొద్దున్నే మా పని విమానాలు నిలిపే టార్మాక్ మీద అందరం ఒక వరసలో నడుస్తూ చిన్న రాయి, స్క్రూ, తీగముక్క ఏదున్నా ఏరెయ్యడంతో మొదలయ్యేది, ఎందుకంటే బఠాణీ గింజంత రాయి లోపలికి పోయినా బ్లేడ్ దెబ్బ తింటుంది. విమానం దిగాక వెనక జెట్ పైప్‌లోకి టార్చ్ వేసి టర్బైన్ బ్లేడ్లు చూడాలి. లోపల ఇంకా వేడి కొడుతూ ఉంటుంది, కాలిన కిరోసిన్ వాసన, చెమట కళ్లలోకి కారుతుంది. ఒక్కో బ్లేడ్ మీద వెలుతురు ఆపి అంచు చూడాలి, రంగు మారిందా, సన్నని చీలిక ఏమైనా ఉందా అని. ఒకసారి ఒక బ్లేడ్ అంచు మీద గోరు తగిలేంత చిన్న నొక్కు కనపడితే ఆ విమానం ఆపేశాం. కుర్ర పైలట్ వచ్చి ఏమైందన్నాడు, చూపించాను, టార్చ్ పట్టుకుని చాలాసేపు చూసి ఏం మాట్లాడకుండా నా భుజం మీద చెయ్యి వేసి వెళ్లిపోయాడు. యుద్ధ విమానం అంటే నాకు గుర్తొచ్చేది ఆ బ్లేడే.

ఎందుకంటే కష్టమంతా అక్కడే ఉంది. ఇప్పటి ఫైటర్ ఇంజన్లో టర్బైన్‌కి తగిలే గాలి 1,500 డిగ్రీలు దాటుతుంది, బ్లేడ్ చేసిన నికెల్ మిశ్రమమేమో 1,300 నుంచి 1,400 డిగ్రీల మధ్యే కరిగిపోతుంది. అంటే తను కరిగే వేడి కంటే ఎక్కువ వేడిలో, నిమిషానికి పది వేల చుట్లకి పైగా తిరుగుతూ, ఆకారం చెడకుండా నిలబడాలి అది. అందుకే బ్లేడ్ లోపల సన్నని దారులు పెట్టి చల్లగాలి పంపిస్తారు, పైన సెరామిక్ పూత పూస్తారు, అన్నిటికంటే ముఖ్యం బ్లేడ్ మొత్తాన్ని ఒకే స్ఫటికంగా పోత పోస్తారు. మామూలు లోహంలో లెక్కలేనన్ని చిన్న చిన్న గింజలు అతుక్కుని ఉంటాయి, వేడికి సాగడం, చీలడం ఆ అతుకుల దగ్గరే మొదలవుతుంది. అతుకే లేకపోతే బలం ఎక్కువ. దానికి అచ్చు కింద పంది తోకలా మెలి తిరిగిన సన్నటి దారి పెడతారు, ఎన్నో గింజలు పైకి రావాలని చూస్తే ఒక్కటే దాటి వస్తుంది, ఆ ఒక్కటే బ్లేడ్ అంతా పెరుగుతుంది. కొలిమిలోంచి చాలా నెమ్మదిగా దించాలి, కొంచెం తేడా వస్తే ఆ ముక్క పారెయ్యడమే. ఈ విద్య తెలిసిన దేశాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, తెలిసిన వాళ్లు ఎంత స్నేహం ఉన్నా పక్కవాడికి చెప్పరు.

ఈ పని చేసేవాళ్లు ఎక్కడో కాదు, మన హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో ఉన్నారు. అక్కడి డీఎంఆర్‌ఎల్ అనే రక్షణ శాఖ లోహ పరిశోధన ల్యాబ్ హెలికాప్టర్ ఇంజన్ కోసం ఇలాంటి సింగిల్ క్రిస్టల్ బ్లేడ్లు చేసి 2021లో విమానాలు తయారుచేసే ప్రభుత్వ కంపెనీ హెచ్‌ఏఎల్‌కి 60 ఇచ్చింది. ఆ పక్కనే మిధాని, 1973లో పెట్టిన ప్రత్యేక లోహాల ఫ్యాక్టరీ. ఈ సంగతి ఎంతమందికి తెలుసు? మీ పేపర్లో వాళ్ల మీద ఒక ఫుల్ పేజీ రావాలని నా కోరిక.

ఇంకొకటి చెప్పాలి. సాలూరు ఘాట్ ఎక్కి అవతలికి పోతే కోరాపుట్, అక్కడ హెచ్‌ఏఎల్ ఇంజన్ ఫ్యాక్టరీ 1960ల్లో పెట్టిందే మిగ్-21 ఇంజన్ల కోసం. మేము బిగించిన ఇంజన్లు అక్కడివే. ఇప్పుడు సుఖోయ్-30 ఇంజన్లు కూడా అక్కడే చేస్తున్నారు, 2024లో 240 ఇంజన్లకి 26 వేల కోట్లకి పైగా ఆర్డర్ ఇచ్చారు. అరవై ఏళ్లుగా ఇంజన్లు చేస్తున్న ఊరు, మరి మన సొంత ఫైటర్ ఇంజన్ ఎందుకు లేదు? డ్రాయింగ్ వాళ్లది కాబట్టి. లైసెన్స్ తీసుకుని చేసేటప్పుడు ఈ కొలత ఇంత ఉండాలి అని చెప్తారు గానీ ఎందుకు అంతే ఉండాలి అనేది చెప్పరు, ఆ ఎందుకు అన్నది తెలియనిదే కొత్త ఇంజన్ పుట్టదు. సోవియట్ యూనియన్ విడిపోయిన తర్వాత రోజుల్లో స్పేర్లు సరిగ్గా రాక ఒక విమానంలో పార్టు పీకి ఇంకో దాంట్లో పెట్టి ఎగరేసిన రోజులు నాకు బాగా గుర్తు. చిన్న సీల్ కోసం నెలలు ఎదురుచూశాం. విమానం మనది, పైలట్ మనవాడు, అది ఎగరాలా వద్దా అన్నది మాత్రం వేరే దేశంలో ఎవరో తేలుస్తున్నారు.

ఇదే దెబ్బ అంతకుముందు కూడా తిన్నాం. జర్మన్ ఇంజనీర్ కర్ట్ టాంక్‌ని పిలిపించి హెచ్‌ఎఫ్-24 మారుత్ చేసుకున్నాం, 1961 జూన్‌లో మొదటిసారి ఎగిరింది. బాడీ చాలా బాగా కుదిరింది అని దాన్ని నడిపినవాళ్లు చెప్పేవాళ్లు, కానీ దానికోసం అనుకున్న బలమైన ఇంజన్ బ్రిటన్‌లో ఆగిపోయింది, మనం డబ్బు పెట్టి పూర్తి చేయించుకోలేదు, చిన్న ఇంజన్‌తోనే సరిపెట్టుకున్నాం. ధ్వని కంటే వేగంగా పోవాలని చేసిన విమానం ఆ వేగం అందుకోలేకపోయింది. 147 చేసి ఆపేశాం. ఒక్క ఇంజన్ దగ్గర తప్పు జరిగితే ఒక తరం మొత్తం వెనక్కి పోయింది, ఇది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

తర్వాత మన సొంత తేలికపాటి ఫైటర్ తేజస్. 1983లో మొదలైంది, 2001 జనవరి 4న ఎగిరింది. మధ్యలో 1998లో పోఖ్రాన్ పరీక్షలు అయ్యాక అమెరికా ఆంక్షలు పెట్టి ఫ్లైట్ కంట్రోల్ (విమానాన్ని అదుపులో ఉంచే వ్యవస్థ) పనిలో సాయం ఆపేసింది, మనవాళ్లు ఆ సాఫ్ట్‌వేర్ సొంతంగా రాసుకుని ఎగరేశారు. ఆలస్యం అయింది అని అందరూ తిడతారు, నేను మాత్రం ఆ ఒక్క పనికే వాళ్లకి దండం పెడతాను. ఇంజన్ మాత్రం కుదరలేదు. 1989లో శాంక్షన్ అయిన మన సొంత ఇంజన్ కావేరి అనుకున్నంత థ్రస్ట్ (విమానాన్ని ముందుకి తోసే బలం) ఇవ్వలేదు, బరువు పెరిగింది, 2008లో తేజస్ నుంచి విడదీశారు. దాని మీద ఇన్నేళ్లలో ఖర్చు పెట్టింది సుమారు రెండు వేల కోట్లు. 2025 సెప్టెంబర్‌లో 97 తేజస్ మార్క్-1ఏల ఒక్క ఆర్డరే 62,370 కోట్లు. విమానాలు కొనడానికి అంత, ఇంజన్ నేర్చుకోడానికి ఇంత. దానికి తోడు చాలా ఎత్తులో ఉండే పలచటి గాలిలో ఇంజన్ ఎలా పనిచేస్తుందో చూసే టెస్ట్ సదుపాయం మన దగ్గర లేక కావేరిని రష్యాకి మోసుకెళ్లి పరీక్షించాల్సి వచ్చింది. వంట నేర్చుకోవాలంటే పొయ్యి ఇంట్లో ఉండాలి కదండీ, రుచి చూడ్డానికి ప్రతిసారీ పక్కూరు వెళ్తే ఎప్పటికి నేర్చుకుంటాం?

ఫలితం ఇప్పుడు చూస్తున్నాం. 2021లో 83 మార్క్-1ఏలకి ఆర్డర్ ఇచ్చారు, వాటికోసం అమెరికా జీఈ కంపెనీకి 99 ఎఫ్-404 ఇంజన్లు చెప్పారు. ఆపేసిన తయారీ లైన్ వాళ్లు మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది, మొదటి ఇంజన్ 2025 మార్చిలో వచ్చింది. 2024 మార్చి నుంచి రావాల్సిన విమానాలు ఆ టైముకి రాలేదు. ఆలస్యమంతా ఇంజన్ వల్లే అని నేను అనను, మన వైపు పరీక్షలు, రాడార్, ఆయుధాల జోడింపు పని కూడా వెనకబడింది, అది కూడా నిజమే, దాన్ని దాచకూడదు. కానీ మన చేతిలో ఉన్న ఆలస్యాన్ని మనం తిట్టుకుని సరిచేసుకోవచ్చు. ఇంజన్ ఆలస్యానికి ఎదురుచూడ్డం తప్ప చేసేదేం లేదు.

చైనా వాళ్లని చూడండి. వాళ్ల జే-20 ఫైటర్ 2011లో ఎగిరినప్పుడు రష్యా ఇంజన్‌తోనే ఎగిరింది, వాళ్ల సొంత ఇంజన్ డబ్ల్యూఎస్-10 కూడా ఏళ్ల తరబడి ఇబ్బంది పెట్టింది, అయినా వదల్లేదు, తయారుచేస్తూ, పాడవుతుంటే బాగుచేసుకుంటూ ఇవాళ జే-20లో తమ ఇంజన్లే పెట్టుకుంటున్నారు. మనం కావేరి దగ్గర ఆగినట్టు వాళ్లు ఆగలేదు, తేడా అదే.

ఇప్పుడు మన కొత్త తరం ఫైటర్ ఏఎంసీఏ వస్తోంది, 2024 మార్చిలో 15 వేల కోట్లు ఇచ్చారు. దానికి ఫ్రాన్స్ సఫ్రాన్ కంపెనీతో కలిసి ఇంజన్ చేస్తామని రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ గారు 2025 ఆగస్టులో చెప్పారు. చాలా సంతోషం వేసింది నాకు. కానీ భయం కూడా ఉంది. కోరాపుట్‌లో అరవై ఏళ్లు జరిగిందే మళ్లీ జరగకూడదు. ఆ బ్లేడ్ పోత, ఆ పూత, ఆ చల్లగాలి దారుల డిజైన్ మన ఇంజనీర్లు మొదటి రోజు నుంచి చేత్తో చేసి నేర్చుకోవాలి, హక్కులు మన పేరు మీద ఉండాలి, పై ఎత్తు పరీక్షల సదుపాయం, ఇంజన్ని గాల్లో పరీక్షించే పెద్ద విమానం మన దేశంలోనే ఉండాలి. కావేరిని కూడా పారెయ్యకుండా డ్రోన్ల కోసం ఆఫ్టర్‌బర్నర్ (వెనక ఇంకా ఇంధనం మండించి బలం పెంచే భాగం) లేకుండా వాడాలని చూస్తున్నారు, ఆ పనికి డబ్బు ఆగకూడదు. ఒకటి రెండు ఇంజన్లు టెస్ట్ బెడ్ మీద పేలిపోతే పేపర్లలో ఫెయిల్ అయింది అని హెడ్డింగ్ పెట్టకండి దయచేసి, ఇంజన్ అలాగే నేర్చుకుంటారు.

మీ రిపోర్టర్‌ని ఒకసారి కంచన్‌బాగ్ పంపించండి. పర్మిషన్ దొరికితే ఒక బ్లేడ్ చేతిలో పెట్టమని అడగమనండి. అరచేతిలో ఇమిడిపోయే ముక్క అది, అంచు మీద వేలు పెట్టి చూసి, దాన్ని పోత పోసినవాళ్లతో మాట్లాడి ఆ మాటలు మొదటి పేజీలో వెయ్యండి సార్. ఈసారి విమానం ఫొటో లోపలి పేజీలో వేసినా నాకు ఫర్వాలేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఇంజన్ ఫిట్టర్, భారత వైమానిక దళం